దుమ్ము పోవాలె... దమ్ము ఆడాలె! ఇంటికి ఏ వాక్యూమ్ క్లీనర్ కొనాలి?

ఫోన్‌లో అమ్మ గొంతు కంటే ముందు దగ్గే వినిపించింది.

"ఏం జేస్తున్నవ్ అమ్మా?"

"ఏముంది బిడ్డా, ఇల్లు ఊకుతున్న."

ఆ నాలుగు మాటలు చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా సన్నగా పిల్లికూత. హైదరాబాద్‌లో హాస్టల్ మంచం మీద కూర్చొని ఆ చప్పుడు వింటుంటే నాకు అన్నం సహించలేదు.

మాది నల్లగొండ. అమ్మకు ఆరేళ్ల నుంచి ఆస్తమా. మా దిక్కు దాన్ని 'దమ్ము' అంటరు. రాసి చూడండి, దుమ్ముకూ దమ్ముకూ తేడా ఒక్క కొమ్మే! డాక్టర్ పంపు రాసిచ్చారు, మందులు ఇచ్చారు, చివర్లో "దుమ్ముకు దూరంగా ఉండండి" అన్నారు. పొద్దున ఒకసారి, దీపం పెట్టకముందు ఒకసారి చీపురు పట్టే మనిషి దుమ్ముకు దూరంగా ఎట్ల ఉంటది? ఆ ప్రశ్నకు జవాబుగా నేనొక వాక్యూమ్ క్లీనర్ కొన్నాను. తప్పు కొన్నాను. తర్వాత ఇంకోటి కొన్నాను. ఈ రెండింటి మధ్య నేను నేర్చుకున్నదంతా ఇక్కడ చెప్తున్నా. నా డబ్బులు పోయాయి, మీవైనా మిగలాలి కదా!

మొదటి తప్పు: సేల్‌లో కొన్న రోబో

పోయిన దసరా సేల్‌లో ఒక రోబో వాక్యూమ్ క్లీనర్ కనిపించింది. వీడియోలో చూస్తే గుండ్రంగా, ముద్దుగా, ఇల్లంతా తనే తిరిగి ఊడ్చుకుంటోంది. అమ్మ కూర్చొని టీ తాగొచ్చు అనుకున్నా. రెండో ఆలోచన లేకుండా ఈఎంఐ పెట్టేశా.

ఇంటికి తీసుకెళ్లి మధ్య అర్రలో వదిలాను. బుర్రుమని తిరిగింది. నాయిన కుర్చీలోంచి లేచి మరీ చూశాడు. రెండు నిమిషాల తర్వాత పోయి గడపకు గుద్దుకుంది. వెనక్కి తిరిగింది. మళ్లీ గుద్దుకుంది. మాది పాత ఇల్లు. షాబాద్ బండలు, ప్రతి అర్రకూ టేకు గడప, ఒక్కోటి బెత్తెడు ఎత్తు. రోబోలు మామూలుగా ఎక్కగలిగేది రెండు సెంటీమీటర్లు, అంతకంటే ఒక పిసరు ఎక్కువ. కొనేముందు ఆ ముక్క నేను చదవనే లేదు.

అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసి ఒక్కటే మాట అంది.

"గిది సంటిపిల్ల లెక్క ఉందిరా. అర్ర అర్రకు ఎత్తుకొని తిరగాలె."

ఎత్తుకొని తిరిగింది కూడా, పాపం. బండల సందుల్లో సున్నం ఊడిపోయి గీతలు పడ్డాయి. ఆ గీతల్లో ఉన్న దుబ్బ రోబోకు అందలేదు. మంచం కింద ఉన్న బియ్యం బస్తా దారం దాని బ్రష్‌కు చుట్టుకుంది. నాలుగో రోజు నేను ఫోన్ చేస్తే అమ్మ మళ్లీ చీపురు పట్టుకొనే ఉంది. రోబో మీద ఒక గుడ్డ కప్పి పెట్టింది. "దానికి దుమ్ము పడుతుంది" అట!

తప్పు మెషిన్‌ది కాదు. దానికి తగిన ఇల్లు మాది కాదు. మొదటి పాఠం ఇదే. వాక్యూమ్ క్లీనర్‌ను యాప్‌లో చూసి కొనొద్దు, మన ఇంటిని చూసి కొనాలి.

మన దుమ్ము ఎట్లాంటిది?

యూట్యూబ్ రివ్యూలు చేసేవాళ్లలో చాలామంది ఉండేది పెద్ద నగరాల అపార్ట్‌మెంట్లలో. వాళ్లు నేల మీద కార్న్‌ఫ్లేక్స్ పోసి మెషిన్ లాగుతుందా లేదా అని చూపిస్తరు. మన ఇండ్లల్లో కార్న్‌ఫ్లేక్స్ ఎవరు పారబోస్తరు చెప్పండి?

మా దక్షిణ తెలంగాణలో దుమ్ముకు సీజన్లు ఉంటాయి. ఎండాకాలం ఎర్ర చెలక నేలల మీది గాలి దుమారం వస్తే, కిటికీలు మూసినా అలమరలో ఎర్రటి పొర తేలుతుంది. పత్తి ఏరే కాలంలో లారీల నుంచి లేచే నూగు. వరి కోతలప్పుడు రోడ్ల మీద ఆరబోసిన వడ్ల పొట్టు. మిర్యాలగూడ వైపు పోతే రైస్ మిల్లులు, ఇంకా కిందికి వాడపల్లి, దామరచర్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, బూడిద రంగు లారీలు. మహబూబ్‌నగర్ వైపు పోతే కొత్త కాలనీలు, ఎక్కడ చూసినా కట్టే ఇండ్లు, ఇసుక కుప్పలు. వీటికి తోడు వాకిట్లో ముగ్గుపిండి, పూజ గదిలో అగరుబత్తి నుసి, పరుపుల్లో, బొంతల్లో చేరే కంటికి కనిపించని సూక్ష్మ పురుగులు. డస్ట్ మైట్స్ అంటారు వీటిని. ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లను బాగా సతాయించేవాటిలో ఇవి ముందుంటాయి.

అంటే మన ఇంటి దుమ్ములో ఎక్కువ భాగం మెత్తది, సన్నది. కంటికి కనిపించే పొట్టు, వెంట్రుకలు ఏ మెషిన్ అయినా లాగుతుంది. అసలు పరీక్ష సన్న దుమ్ముతోనే. లోపలికి లాగిన దాన్ని లోపలే పట్టి ఉంచుతుందా, వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుందా? అదీ చూడాల్సింది.

దస్తీతో మొదలైన కథ

ఈ మెషిన్ పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీర్ ఒక ప్రదర్శన చూశాడు. గాలిని ఊది దుమ్మును ఎగరగొట్టే యంత్రం అది. ఊదితే దుమ్ము ఇంకోచోట వాలుతుంది కదా, లాగితే ఎట్ల ఉంటది అనుకున్నాడు. ఒక రెస్టారెంట్‌లో కుర్చీ మెత్త మీద దస్తీ పరిచి, నోటితో గట్టిగా గాలి లాగి చూశాడని చెప్తారు. దగ్గు వచ్చింది గానీ దస్తీకి అవతలి వైపు నల్లటి దుమ్ము అంటింది. గాలి దాటిపోవాలి, దుమ్ము ఆగిపోవాలి. ఈ రోజుకీ వాక్యూమ్ క్లీనర్ అంటే అంతే. ఆయన తయారు చేసిన మెషిన్‌ను గుర్రబ్బండి మీద తెచ్చి, రోడ్డు మీద నిలబెట్టి, కిటికీలోంచి పొడవాటి గొట్టాలు లోపలికి పంపి ఊడ్చేవాళ్లు.

ఇంటి ఆడవాళ్లు ఒక్క చేత్తో పట్టుకునే మెషిన్ చేసింది మాత్రం ఇంజినీర్ కాదు. అమెరికాలోని ఒహాయోలో ఒక దుకాణం ఊడ్చే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకు ఆస్తమా. చీపురు పడితే దగ్గు. ఫ్యాన్ మోటర్, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక మెషిన్ కట్టుకున్నాడు. 1908లో పేటెంట్ వచ్చింది. తర్వాత దాన్ని హూవర్ కుటుంబం కొనుక్కుంది. ఆ కథ చదివిన రోజు అమ్మకు చెప్పాను. "ఆయనకు గూడ దమ్మేనా?" అని అడిగింది. అప్పటిదాకా ఈ మెషిన్ అంటే డబ్బున్నోళ్ల షోకు అనుకున్న అమ్మ, ఆ తర్వాత ఆ మాట అనలేదు.

మన దేశంలో 1982లో మొదలైన యూరేకా ఫోర్బ్స్ మనుషులు టై కట్టుకొని, బ్యాగు పట్టుకొని ఇంటింటికీ వచ్చి మెషిన్ ఆడించి చూపించేవాళ్లు. మీ అమ్మానాన్నలను అడగండి, గుర్తుంటది. ఇప్పుడు ఆ డెమో పోయి రీల్ వచ్చింది. ఆడించి చూసే అవకాశమే తగ్గిపోయింది.

వాట్స్ చూసి పడిపోవద్దు

షాపులో మొదట చెప్పేది, "సార్, 2,000 వాట్స్!" వాట్స్ అంటే మెషిన్ ఎంత కరెంటు తాగుతుందో చెప్పే లెక్క. ఎంత ఊడుస్తుందో కాదు. యూరోపియన్ యూనియన్ ఇంటి వాక్యూమ్ క్లీనర్లకు 2014లో 1,600 వాట్స్ హద్దు పెట్టింది, 2017 సెప్టెంబర్ నుంచి దాన్ని 900కు దించింది. అక్కడ ఇండ్లేమీ మురికిగా మారలేదు. తక్కువ కరెంటుతో బాగా లాగేలా కంపెనీలే డిజైన్ మార్చుకున్నాయి.

మరి చూడాల్సిందేంటి? లాగే బలాన్ని పాస్కల్‌లో చెప్తారు. బాక్సు మీద 20 కేపీఏ అంటే 20,000 పాస్కల్. వైరున్న మెషిన్లలో ఇది మామూలే. కానీ ఒక్క పాస్కల్ చూసినా సరిపోదు. స్ట్రా నోట్లో పెట్టుకొని వేలితో మూసి లాగితే ఒత్తిడి బాగానే ఉంటది, గాలి మాత్రం కదలదు. ఒత్తిడి, గాలి ప్రవాహం రెండూ ఉంటేనే దుమ్ము కదులుతుంది. ఈ రెండూ కలిపి చెప్పే లెక్క ఎయిర్ వాట్స్. కంపెనీ ఆ అంకె ఇస్తే దాన్ని పట్టుకొని పోల్చండి. ఇవ్వకపోతే, ఆడించి చూడటమే దారి.

కరెంటు బిల్లు భయమా? 1,400 వాట్స్ మెషిన్ 20 నిమిషాలు నడిపితే అర యూనిట్ కూడా కాదు. వారానికి రెండుసార్లు అనుకుంటే నెలకు నాలుగు యూనిట్లు. భయపడాల్సింది బిల్లుకు కాదు, ప్లగ్‌కు. ఆ సంగతి తర్వాత చెప్తా.

'హెపా' ఉందా, 'హెపా లాంటిది' ఉందా?

మామూలు గుడ్డ సంచీ ఉన్న మెషిన్ పెద్ద చెత్తను ఆపుతుంది, సన్న దుమ్మును వెనక నుంచి వదిలేస్తుంది. చూడ్డానికి నేల తళతళలాడుతుంది. గాలిలో మాత్రం చీపురుతో లేచినంత దుమ్మూ ఉంటది. ఆస్తమా ఉన్న ఇంట్లో అట్లాంటిది కొంటే పైసలిచ్చి దగ్గు కొనుక్కున్నట్టే.

అందుకే హెపా ఫిల్టర్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో అణుబాంబు ప్రాజెక్టు దగ్గర రేడియోధార్మిక ధూళిని ఆపడానికి తయారైన వడపోత ఇది. అసలైన హెపా 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఆ కణం ఎంత చిన్నదో మీరే లెక్కేసుకోండి. యూరప్ పద్ధతిలో హెచ్13 అని రాస్తే 99.95 శాతం అని అర్థం.

ఇక్కడ రెండు మోసాలు జరుగుతాయి. ఒకటి, బాక్సు మీద 'హెపా టైప్', 'హెపా లైక్' అని ఉంటుంది. అంటే హెపా కాదనే! హెచ్13 లాంటి గ్రేడ్ స్పష్టంగా ఉందా చూడండి. రెండు, ఫిల్టర్ మంచిదే ఉంటది గానీ మెషిన్ బాడీ అతుకుల్లోంచి గాలి కారిపోతుంది. తలుపుకు మంచి తాళం వేసి కిటికీ తెరిచి పెట్టినట్టు. అందుకే 'సీల్డ్ సిస్టమ్' ఉందా అని అడగాలి. ఫిల్టర్ చుట్టూ రబ్బరు అంచు గట్టిగా కూర్చుంటుందా అని వేలితో నొక్కి చూడాలి.

సంచీయా? డబ్బానా?

ఇప్పుడు యూత్ అంతా బ్యాగ్‌లెస్ మెషిన్లే కొంటున్నారు. పారదర్శక డబ్బాలో దుమ్ము సుడులు తిరుగుతుంటే చూడ్డానికి మజా. జేమ్స్ డైసన్ అనే బ్రిటిష్ డిజైనర్ 5,127 నమూనాలు చేశాక గానీ తన సుడిగాలి పద్ధతి కుదరలేదని చెప్తాడు. సంచీ కొనే ఖర్చు ఉండదు, నిండితే దులిపేస్తే చాలు.

'దులిపేస్తే చాలు.' నేను రెండో తప్పు చేయబోయింది ఇక్కడే. మహబూబ్‌నగర్‌లో మా అక్క వాళ్ల పక్కింట్లో అట్లాంటి మెషిన్ ఉంటే చూడ్డానికి పోయాను. ఆమె డబ్బా తెరిచి చెత్తబుట్టలో కొట్టగానే బుస్సున పొగలాగా లేచింది. ఇద్దరం తుమ్మాం. వారం రోజుల దుమ్మంతా ఒక్క క్షణంలో మొహం మీదికి! హెపా అంతా చేసిన పని అక్కడ బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ చోట అమ్మను ఊహించుకున్నా. అంతే, బ్యాగ్‌లెస్ ఆలోచన మానుకున్నా.

ఆస్తమా, అలర్జీ ఉన్న ఇంటికి వాడి పారేసే సంచీ ఉన్న మెషిన్ మేలు. నిండాక మూతి మూసి అట్లనే పడేయొచ్చు, దుమ్ము బయటికి రాదు. ఖర్చు ఉంటది నిజమే. ఆ మోడల్ సంచులు దొరుకుతున్నాయా, ఒక ప్యాకెట్ ఎంత అని మెషిన్ కంటే ముందు వెతకండి. సంచీ దొరకని మెషిన్ సిలిండర్ లేని స్టవ్ లాంటిది. ఇంట్లో ఎవరికీ ఊపిరి సమస్య లేకపోతే బ్యాగ్‌లెస్ నిక్షేపంగా కొనండి. కాకపోతే డబ్బాను ఇంటి బయట, గాలికి ఎదురు కాకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకొని దులపండి.

ఏ ఇంటికి ఏ మెషిన్?

నేను వెతికిన రోజుల్లో చూసిన ధరలు ఉజ్జాయింపుగా చెప్తున్నా. సేల్‌ను బట్టి మారుతుంటాయి.

చేతి మెషిన్: రెండు మూడు వేల నుంచి దొరుకుతుంది. కారు, సోఫా, కీబోర్డ్, మంచం మూలలకు బాగుంటది. ఇల్లంతా దీంతో ఊడ్వాలనుకుంటే నడుం పోతుంది.

వైరున్న క్యానిస్టర్: చక్రాల మీద కుక్కపిల్లలా వెంట వచ్చే రకం. ఐదు వేల నుంచి మొదలు. పరుపులు, కర్టెన్లు, సజ్జ మీద, కిటికీ దోమల జాలి, అన్నిటికీ పనికొస్తుంది. గడపలు, మెట్లు ఉన్న పాత ఇండ్లకు ఇదే నయం. గొట్టం పొడవు, బరువు చూసుకోండి.

డ్రమ్ము రకం, పొడి-తడి: ఆరు నుంచి పది వేలు. నీళ్లు కూడా లాగుతుంది. వాన నీళ్లు ఇంట్లోకి వచ్చే చోట, షాపులకు, వర్క్‌షాపులకు మంచిది. బరువెక్కువ, చప్పుడెక్కువ. నీళ్లు లాగేముందు లోపలి పొడి ఫిల్టర్ తీసి, మాన్యువల్‌లో చెప్పిన తడి ఫిల్టర్ పెట్టాలి. ఇది మర్చిపోయి మెషిన్ పాడు చేసుకున్నవాళ్లు చాలామంది.

వైరు లేని స్టిక్: ఎనిమిది వేల నుంచి ముప్పై, నలభై వేల దాకా. తేలిక, గోడకు తగిలించొచ్చు. బాక్సు మీద '60 నిమిషాలు' అంటే అది అతి తక్కువ స్పీడులో. ఫుల్ స్పీడు పెడితే పది నిమిషాలకు అటూ ఇటూ దిగిపోవచ్చు. రెండు మూడేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వస్తే విడిగా దొరుకుతుందా అని అడగాలి.

రోబో: పదిహేను వేల నుంచి పైకి. గడపలు లేని, సామాను తక్కువున్న టైల్స్ ఫ్లాట్‌కు రోజువారీ పనికి బాగుంటది. పరుపులు, సోఫాలు, సజ్జలు దాని వల్ల కావు.

నా రోబో ఇప్పుడు ఎక్కడుందో చెప్పలేదు కదూ? దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులో ఒడిలో పెట్టుకొని మహబూబ్‌నగర్‌లో అక్క ఫ్లాట్‌కు తీసుకెళ్లి ఇచ్చా. అక్కడ తలుపు దగ్గర ఒక్క గడప తప్ప అంతా టైల్స్ మైదానం. మొదటి రోజు ఒక్క చోట ఆగిపోయింది. హాల్‌కూ కిచెన్‌కూ మధ్య నల్ల గ్రానైట్ పట్టీ ఉంది. రోబో అడుగున ఉన్న సెన్సార్లు మెట్ల అంచును గుర్తుపట్టడానికి కాంతిని వాడతాయి. బాగా నల్లటి నేల కాంతిని వెనక్కి పంపదు కాబట్టి అక్కడ గొయ్యి ఉందనుకుంటుంది. బావ ఆ పట్టీ మీద లేతరంగు పల్చటి మ్యాట్ అంటించాడు. ఇప్పుడు అక్క ఆఫీసుకు పోయేముందు బటన్ నొక్కి పోతుంది. అదే మెషిన్, ఇల్లు మారితే బంగారమైంది.

ప్లగ్ సంగతి

ఇది ఎవరూ చెప్పరు. మన ఇండ్లల్లో ఫ్యాన్లు, ఫోన్ ఛార్జర్లు పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 1,400 వాట్స్ మెషిన్ 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు దాటి లాగుతుంది. అంటే దానికి ఫ్రిజ్, గీజర్ పెట్టే పెద్ద సాకెట్, 16 ఆంపియర్లది కావాలి. పాత ఇండ్లల్లో అది ఒక్క వంటింట్లోనో బాత్రూం దగ్గరో ఉంటది. వైరు ఐదు మీటర్లు, మంచం పది మీటర్ల అవతల! వంద రూపాయల ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి లాగితే వైరు వేడెక్కుతుంది, కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. నేను 1,200 వాట్స్ లోపు మెషిన్ చూసుకున్నా, పడక గదిలో ఎలక్ట్రీషియన్‌తో ఒక పెద్ద సాకెట్ వేయించా. మీరు కొనేముందు టేపుతో కొలుచుకోండి.

సర్వీస్ ఎక్కడ?

నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. మెషిన్ పాడైతే దాన్ని బస్సెక్కించి తీసుకుపోవాలా, మనిషే ఇంటికొస్తాడా? ఇది తెలియకుండా కొనకండి. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి "ఇంటికొచ్చి చేస్తారా?" అని నేరుగా అడగండి. 'మోటర్‌కు ఐదేళ్లు' అని పెద్ద అక్షరాల్లో ఉండి, మిగతా మెషిన్‌కు ఒక్క ఏడాదే అని చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. గొట్టం, బ్రష్, ఫిల్టర్, బ్యాటరీ వారంటీలో ఉన్నాయా చూడండి. బిల్లు ఫోటో తీసి మెయిల్‌లో దాచుకోండి. గొడవ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

షాపులో దస్తీ పరీక్ష

నల్లగొండ ప్రకాశం బజార్‌కు పోయేటప్పుడు నేను జేబులో తెల్ల దస్తీ, చిన్న పొట్లంలో గోధుమపిండి పెట్టుకొని పోయా. షాపాయన నవ్వాడు. నేల మీద చెంచాడు పిండి పోసి మెషిన్‌తో లాగించా. గాలి బయటికి వచ్చే చోట దస్తీ పట్టా. మొదటి మెషిన్‌కు దస్తీ మీద తెల్లటి పొడి కొంచెం కనిపించింది. నా దస్తీ కూడా తెల్లదే కాబట్టి మొదట అర్థం కాలేదు! షాపాయనే తన నల్ల దస్తీ ఇచ్చాడు. దాని మీద పిండి స్పష్టంగా పడింది. సంచీ, హెపా ఉన్న ఇంకో మెషిన్‌కు దస్తీ నల్లగానే ఉంది. కంటికి కనిపించని కణాల సంగతి ఈ పరీక్ష చెప్పదు. కానీ పిండినే ఆపలేని మెషిన్ ఇంకేం ఆపుతుంది? ఆ నల్ల దస్తీ పెట్టినాయన దగ్గరే కొన్నాను.

కొన్నాక చేయకూడనివి

వేడి బూడిద, ఆరని అగరుబత్తి నుసి లాగొద్దు, లోపల సంచీ అంటుకోవచ్చు. సిమెంట్, పీఓపీ పొడి, కుప్పగా పోసిన ముగ్గుపిండి వద్దు, ఫిల్టర్ రంధ్రాలు మూసుకుపోతాయి. పొడి మెషిన్‌తో తడి చెత్త అసలే వద్దు. కడిగే రకం ఫిల్టర్ అయితే కడిగాక పూర్తిగా, ఒక రోజంతా ఆరాకే పెట్టాలి. తడిగా పెడితే బూజు పడుతుంది, మోటర్ పాడవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. వాక్యూమ్ క్లీనర్ ఆస్తమాకు మందు కాదు. పంపు మానొద్దు. బండల మీద రోజూ పొడి చీపురు ఆపి తడి గుడ్డతో తుడిస్తేనే సగం దుమ్ము లేవకుండా పోతుంది, దానికి పైసా ఖర్చు లేదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకాలి. 60 డిగ్రీల వేడిలో ఆ సూక్ష్మ పురుగులు చస్తాయి. మెషిన్ పని ఆ తర్వాత మొదలవుతుంది. పరుపు, సోఫా, కర్టెన్, ఫ్యాన్ రెక్కలు, చీపురు చేరని మూలలు, ఇవీ దాని చోటు.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

1. ఇంట్లో గడపలు ఎన్ని? నేల బండలా, టైల్సా?
2. ఎవరికైనా దమ్ము, అలర్జీ ఉందా? ఉంటే సంచీ రకం, అసలైన హెపా, సీల్డ్ బాడీ.
3. 16 ఆంపియర్ల సాకెట్ ఎక్కడుంది? వైరు చాలుతుందా?
4. సంచులు, ఫిల్టర్లు, బ్యాటరీ విడిగా దొరుకుతాయా? ఏడాదికి ఎంత ఖర్చు?
5. మన పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి సర్వీస్ చేస్తారా?
6. నడిపేది ఎవరు? వాళ్లు ఎత్తగలిగే బరువేనా?
7. ఆడించి చూశారా?

ఆరో ప్రశ్న

ఆరో ప్రశ్నకు జవాబు మా ఇంట్లో నేను ఊహించనిది. మెషిన్ ఎంత మంచిదైనా దమ్ము ఉన్నవాళ్లు దాన్ని నడపకపోవడమే మేలు. ఊడ్చేటప్పుడు, ఆ తర్వాత కొద్దిసేపు ఆ గదిలో లేకుంటే ఇంకా మంచిది. మరి ఎవరు నడపాలి? నేను హైదరాబాద్‌లో, అక్క పాలమూరులో. మిగిలింది నాయిన ఒక్కడే.

అరవై ఏండ్లలో మా నాయిన చీపురు ముట్టంగా నేను చూడలేదు. కానీ ఇది మెషిన్ కదా! మోటర్ సైకిల్ లెక్క చూసుకున్నాడు. మాన్యువల్ రెండుసార్లు చదివాడు. గొట్టం ఎట్ల తగిలించాలో అమ్మకే పాఠం చెప్పాడు. ఇప్పుడు బుధవారం, ఆదివారం ఆయన డ్యూటీ. పరుపు ఎత్తి, కింద పైన లాగి, సంచీ మూతి మూసి, బయట పడేసి వస్తాడు. చీపురు పట్టడానికి అడ్డమొచ్చిన మగతనం మెషిన్‌కు అడ్డం రాలేదు. నవ్వొచ్చినా నేను పైకి అనలేదు. ఎట్లయితేనేం, పని జరుగుతోంది.

అమ్మకు దమ్ము పోలేదు. చలికాలం వస్తే ఇప్పటికీ పంపు కావాలి. కానీ ఇల్లు ఊడ్చే పూట వచ్చే దగ్గు తగ్గింది. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే వెనక బుర్రుమని చప్పుడు.

"ఏం జేస్తున్నవ్ అమ్మా?"

"ఏం లేదు బిడ్డా, వాకిట్ల కూసోని చాయ్ తాగుతున్న. మీ నాయిన ఇల్లు ఊకుతుండు."

ఆ రెండు మాటలూ ఆగకుండా ఒక్క ఊపిరిలో చెప్పింది.